గుడుంబా బట్టీకి తెలిసిన సంగతి

"తెల్ల చక్కెర విషం, బెల్లం మందు." మా బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో ఈ మాట వినకుండా రోజు గడవడం లేదు. వాట్సాప్‌లో వస్తుంది, పెండ్లి పందిట్లో వస్తుంది, దవాఖానలో రక్తపరీక్షకు వరసలో నిలబడ్డవాళ్ల మధ్య కూడా వస్తుంది. మొన్న ఒక చాయ్ బండికి కట్టిన ఫ్లెక్సీ మీద చూశాను: "బెల్లం చాయ్. షుగర్ ఉన్నోళ్లు కూడా తాగొచ్చు." మధ్యాహ్నం మూడు దాటింది, మొదటి షిఫ్టు వదిలారు. బండి చుట్టూ పదిహేను మంది. ఒకాయన పొద్దున వేసుకున్న షుగర్ గోలీ గురించి పక్కవాడికి చెప్తూనే రెండో గ్లాసు అందుకున్నాడు.

ఆ ఫ్లెక్సీ మీద రాసింది అబద్ధం. బండివాడు కావాలని ఆడిన అబద్ధం కాదు, ఊరంతా నమ్మిందే అతనూ రాయించాడు. నా గొడవ ఆ నమ్మకంతోనే.

ముందు దాన్ని నమ్మేవాళ్ల నోటితోనే, ఏమీ తగ్గించకుండా చెప్తాను. మిల్లులో చెరుకు రసాన్ని రసాయనాలతో శుద్ధి చేసి, సారమంతా తీసేసి, ఉత్త తీపిని మిగులుస్తారు, అదే చక్కెర. బెల్లం అలా కాదు, రసాన్ని పెనంలో కాచి ముద్ద కట్టిందే. అందుకే ఇనుము, కాల్షియం, పొటాషియం అందులో మిగిలి ఉంటాయి. ఒంట్లోకి మెల్లగా దిగుతుంది. మన తాతలు బెల్లమే తిన్నారు, వాళ్లకు షుగర్ లేదు. పైగా బొగ్గు బాయిలో పని చేసేవాళ్లకు బెల్లం ముక్క ఊపిరితిత్తుల్లో పేరుకున్న బొగ్గు దుమ్మును కడిగేస్తుంది; దీని మీద శాస్త్రవేత్తల పరిశోధన కూడా ఉంది. బెల్లం నచ్చనివాళ్లకు తేనె, తాటిబెల్లం, కొబ్బరి చక్కెర, స్టీవియా ఉన్నాయి. తెల్ల చక్కెరను వంటింట్లోంచి వెళ్లగొట్టి వీటిలో ఏదో ఒకటి తెచ్చుకుంటే చాలు.

ఇందులో నిజాలు ఉన్నాయి. తెల్ల చక్కెరలో కేలరీలు తప్ప ఇంకేమీ లేవన్నది నిజం. బెల్లంలో ఖనిజాలు కొద్దిగా ఉన్నాయన్నది నిజం. పరిశోధన జరిగిందన్నదీ నిజమే. ఈ నిజాల నుంచి షుగర్ రోగి చేతిలో రెండో గ్లాసు దాకా నడిచిన దారిలోనే అడుగడుగునా గుంతలున్నాయి.

ఒకటి: "బెల్లం వేరు, చక్కెర వేరు"

చక్కెరలో 99 శాతానికి పైగా ఉండేది సుక్రోజ్. బెల్లంలో అది దాదాపు 65 నుంచి 85 శాతం. మిగిలినదాంట్లో మరో పది పదిహేను శాతం దాకా గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే విడి చక్కెరలు. ఆ తర్వాత తేమ, చివర్లో ఆ పేరుగొప్ప ఖనిజాలు. పేగుల్లోకి చేరిన సుక్రోజ్‌ను ఒక ఎంజైమ్ రెండు ముక్కలు చేస్తుంది: ఒకటి గ్లూకోజ్, రెండోది ఫ్రక్టోజ్. ఇది మిల్లు నుంచి వచ్చిందా, గానుగ నుంచి వచ్చిందా అని ఆ ఎంజైమ్ అడగదు. బెల్లంలో కొంత భాగం ముందే ముక్కలై ఉంటుంది కూడా. మరి మెల్లగా దిగడం ఎక్కడిది? పప్పులో, జొన్న రొట్టెలో పీచు ఉంటుంది, అందుకని ఆలస్యమవుతుంది. బెల్లంలో అలా అడ్డుపడే పీచు లేదు.

కేలరీల్లోనూ ఇదే కథ. 100 గ్రాముల చక్కెరకు 400 దగ్గర, బెల్లానికి 350 నుంచి 380. తేడా చాలావరకు బెల్లంలో ఉన్న తేమది. అదీ వాడకంలో హరించుకుపోతుంది. బెల్లం తీపి చక్కెరంత పదునుగా ఉండదు, కాబట్టి చెయ్యి ఇంకో ముక్క ఎక్కువే వేస్తుంది.

ఈ సంగతి ఆరోగ్య ప్రచారకుల కంటే ముందు మన పక్క ఊళ్ల గుడుంబా బట్టీకి తెలుసు. నల్లబెల్లాన్ని నీళ్లలో కలిపి డ్రమ్ముల్లో రోజుల తరబడి పులియబెడతారు. పులియడమంటే ఈస్టు చక్కెరను తిని సారాయిగా మార్చడం. బెల్లంలో చక్కెర లేకపోతే బట్టీ మీద కాగేది ఉత్త నీళ్లే. ఎక్సైజ్ వాళ్లు నల్లబెల్లం బస్తాలు పట్టుకున్నారని, బెల్లం పానకం పారబోశారని జిల్లా పేజీలో ఎన్నిసార్లు చదవలేదు? మేడారం జాతర సీజన్లో బెల్లం కొనేవాళ్ల దగ్గర ఆధార్ ఎందుకు అడిగారు? అమ్మవార్ల గద్దెకు 'బంగారం'గా చేరాల్సింది బట్టీకి చేరుతుందన్న అనుమానంతో. బెల్లంలో చక్కెర ఉందని కేసులు పెట్టే జిల్లాలోనే, అందులో చక్కెర లేనట్టు ఫ్లెక్సీలు కట్టుకుంటున్నాం.

మా చిన్నబాపు రిటైరైన హాలర్ ఆపరేటర్. షుగర్ వచ్చి పన్నెండేళ్లయింది. "చక్కెర బంద్ వెట్టిన బిడ్డా, మొత్తం బెల్లమే" అన్నాడు గర్వంగా. రోజుకు నాలుగు చాయ్‌లు. ఆయన తన చేత్తో గ్లాసులో వేసుకునే బెల్లాన్ని వంటింటి కాటా మీద పెట్టించాను. 16 గ్రాములు. నాలుగు గ్లాసులకు 64. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజు మొత్తం తినే శక్తిలో చక్కెర వాటా 5 శాతం లోపు ఉండాలి. 2,000 కేలరీలు తినే మనిషికి అది 25 గ్రాములు. షుగర్ లేని మనిషికి చెప్పిన ఆ హద్దును, షుగర్ ఉన్న ఈయన చాయ్‌తోనే రెండింతలు దాటేశాడు.

చాయ్ తాగిన గంటకు వేలు గుచ్చి చూస్తే 247. ఒక్క మనిషి, ఒక్క రీడింగు. అది రుజువు కిందికి రాదని నాకూ తెలుసు. రుజువు పై లెక్కలోనే ఉంది. కానీ చిన్నబాపు అంకె వైపు చూసి అన్న మాట మాత్రం ఈ వ్యాసంలో ఉండాల్సిందే: "మిషిన్ ఖరాబైనట్టున్నది బిడ్డా. నేను తాగింది బెల్లం చాయ్ గదా!"

రెండు: ఇనుము లెక్క

"రక్తం పడుతుంది" అని ఆడపిల్లలకు, బాలింతలకు బెల్లం పెడతారు. ఉద్దేశం మంచిదే. లెక్క చూద్దాం. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన ప్రకారం మగవాళ్లకు రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, ఆడవాళ్లకు 29. 100 గ్రాముల బెల్లంలో ఉండేది అయిదు మిల్లీగ్రాములకు అటూ ఇటూ. అందులోనూ కొంత చెరుకుది కాదు, కాచిన ఇనుప పెనానిది. 29 మిల్లీగ్రాములు బెల్లంతోనే రావాలంటే అర కిలో దాటి తినాలి. అంటే 2,000 కేలరీలు బెల్లంలోనే అయిపోతాయి, ఇక అన్నం తినే పని లేదు.

చాయ్‌లో వేస్తే ఇంకా అన్యాయం. పదిహేను గ్రాముల బెల్లంతో వచ్చే ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా కాదు. ఆ కొంచెమైనా ఒంటికి పట్టకుండా టీ ఆకులోని టానిన్లు అడ్డుపడతాయి. ఇనుము కోసం బెల్లం చాయ్ తాగడమంటే చిల్లు కుండతో నీళ్లు మోయడమే.

నువ్వుల లడ్డూలో, పల్లీ పట్టీలో బలం ఉందన్నది కాదనను. ఆ బలం నువ్వులది, పల్లీలది. పేరు మాత్రం బెల్లం కొట్టేస్తోంది. తోటకూర, రాగులు, శనగలు, వాటి మీద నిమ్మకాయ పిండుకునే అలవాటు; రక్తహీనతకు ఇవి కావాలి. ఇవి తిన్నా తగ్గకపోతే ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ గోలీ కావాలి. గోలీని మూలకు పెట్టి బెల్లం ముక్క నమ్ముకున్న బాలింత నష్టపోయేది తీపి దగ్గర కాదు, కాలం దగ్గర.

మూడు: తెలుపు మీద కోపం

చక్కెరను జంతువుల ఎముకల బొగ్గుతో తెల్లబరుస్తారని ఒక వీడియో తిరుగుతోంది. కొన్ని విదేశీ రిఫైనరీల్లో ఆ పద్ధతి ఉంది. మన దేశపు మిల్లుల్లో అత్యధికం వాడేది సున్నం, గంధకపు పొగ. చెరుకు రసంలో మడ్డిని సున్నంతో పేర్చి, గంధక వాయువుతో రంగు తీస్తారు. సరే, గంధకం రసాయనమే కదా అంటారు. అలాంటప్పుడు బంగారు రంగులో మెరిసే ఆ బెల్లం దిమ్మ ఎలా వచ్చిందో కూడా అడగాలి. గానుగ దగ్గర దాన్ని 'హైడ్రోస్' అంటారు. సోడియం హైడ్రోసల్ఫైట్. అదీ గంధకపు సంబంధమే. రైతుకు సరదా పుట్టి వేయడు. నల్లగా ఉన్న బెల్లాన్ని మార్కెట్లో ఎవరూ ముట్టరు, పచ్చగా మెరిసేదానికే ధర. చక్కెరలో తెలుపు చూసి భయపడే కొనుగోలుదారే బెల్లంలో మెరుపు వెతుకుతాడు.

దీనికి విరుగుడుగా ఇప్పుడు "నల్లగా ఉంటేనే అసలు బెల్లం" అన్న మాట మొదలైంది. బట్టీకి పోయే నల్లబెల్లమూ నల్లగానే ఉంటుంది. రంగు చూసి సరుకు తేల్చలేం, అంతే. ఇక సూపర్ మార్కెట్లో బ్రౌన్ షుగర్ పేరుతో దొరికేది చాలాసార్లు తెల్ల చక్కెరకు మడ్డి పూసిందే. దానికి రెట్టింపు ధర పెట్టేవాళ్లతో వాదించి లాభం లేదు.

ఒక మాట పక్కకు పోయి చెప్పాలి. 1937లో బోధన్‌లో మొదలైన నిజాం షుగర్స్ 2015 డిసెంబరులో మూతపడింది. బోధన్‌తో పాటు మనకు దగ్గరున్న ముత్యంపేట యూనిట్, మెదక్ యూనిట్ కూడా. "విషం" తయారుచేసే మిల్లు తలుపులు వేస్తే ఇక్కడ ఒక్కరి షుగర్ తగ్గలేదు. తగ్గింది చెరుకు వేసే రైతు. చక్కెర మీద తిట్లన్నీ మిల్లు మీదికి మళ్లించడం తేలిక. మన గ్లాసులో పడే చెంచాల లెక్కే ఎవరికీ గుర్తుండదు.

నాలుగు: ఊపిరితిత్తుల్లో బెల్లం

బొగ్గు ప్రాంతంలో బెల్లం వాదానికి అసలు బలం ఇక్కడుంది, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువసేపు నిలబడతాను.

పరిశోధన కల్పన కాదు. లక్నోలోని పారిశ్రామిక విషవిజ్ఞాన పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు 1994లో ఒక అంతర్జాతీయ పత్రికలో దాన్ని ప్రచురించారు. దుమ్ములో పనిచేసే కార్మికులు "బెల్లం తింటే ఇబ్బంది ఉండదు" అనడం విని, అదేమిటో చూద్దామనే మొదలుపెట్టారు. ఎలుకల శ్వాసనాళంలోకి 50 మిల్లీగ్రాముల బొగ్గు దుమ్మును ఒక్కసారి ఎక్కించారు. ఇంకొన్నింటికి సిలికా దుమ్ము. వాటిలో కొన్ని ఎలుకలకు రోజుకు అర గ్రాము బెల్లం, వారానికి అయిదు రోజుల చొప్పున 90 రోజులు తినిపించారు. బెల్లం తిన్న ఎలుకల్లో బొగ్గు రేణువులు ఊపిరితిత్తుల నుంచి శ్వాసనాళం దగ్గరి లింఫు గ్రంథుల్లోకి ఎక్కువగా తరలాయి. ఊపిరితిత్తుల్లో గాయాలు తక్కువగా కనిపించాయి. ఆలోచించదగ్గ ఫలితమే. ఎగతాళి చేయను.

కానీ మన వీధిలోకి వచ్చేసరికి అది ఏమైందో చూడండి. ఎలుక మనిషైంది. "తరలాయి" కాస్తా "కడిగేసింది" అయింది. లింఫు గ్రంథి ఒంటి బయట లేదు, లోపలే ఉంది. దుమ్ము ఒక గదిలోంచి పక్క గదిలోకి జరిగిందంటే ఇల్లు ఊడ్చినట్టు కాదు. ఆ ఎలుకకు దుమ్ము ఒక్కసారి ఎక్కింది. బాయిలో మనిషికి ముప్పై ఏళ్లు, షిఫ్టు షిఫ్టుకూ ఎక్కుతుంది.

మోతాదు చూడండి. ప్రయోగశాల ఎలుక బరువు 200 గ్రాములనుకుంటే, అర గ్రాము బెల్లమంటే కిలో బరువుకు రెండున్నర గ్రాములు. తూకం లెక్కన 60 కిలోల మనిషికి రోజుకు 150 గ్రాములు. మోటు లెక్కే, ఒప్పుకుంటాను. జంతువు మోతాదును మనిషికి మార్చే పద్ధతి వేరే ఉంది. ఆ పద్ధతిలో తగ్గించి వేసినా పాతిక గ్రాముల దగ్గర తేలుతుంది. అంటే మనిషి రోజు మొత్తానికి చెప్పిన చక్కెర హద్దంతా దీనికే సరి. ఇదంతా చేసినా దుమ్ము వల్ల ఊపిరితిత్తులకు వచ్చే న్యుమోకోనియోసిస్‌ జబ్బును మనిషిలో బెల్లం ఆపిందని నిలబడే రుజువు లేదు.

"కానీ గొంతు హాయిగా ఉంటుంది కదా?" ఉంటుంది. తీపి నోట్లో పడితే ఉమ్మి ఊరుతుంది, ఎండిన గొంతు తడుస్తుంది. పిప్పరమెంటు చప్పరించినా, గోరువెచ్చటి నీళ్లు తాగినా ఆ సుఖమే. అయితే మింగిన బెల్లం పోయేది అన్నవాహికలోకి. దుమ్ము పోయింది శ్వాసనాళంలోకి. అయిదు మైక్రాన్లకు లోపున్న రేణువు ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా దిగి కూర్చుంటుంది. గొంతు తడిసిందని అది కదలదు.

ఇప్పుడు పర్యవసానం. బొగ్గు గని కార్మికుల న్యుమోకోనియోసిస్ మన దేశంలో 1952 నుంచే ప్రకటిత వృత్తివ్యాధి. అంటే అది కార్మికుడి ఖర్మ కాదు, పనిచోటు పెట్టిన జబ్బు అని ప్రభుత్వమే ఒప్పుకుందన్నమాట. 1955 గని నియమావళి ప్రకారం కార్మికుడికి నిర్ణీత కాలానికి వైద్యపరీక్ష (పీఎంఈ) జరగాలి, ఛాతీ ఎక్స్‌రే తీయాలి. దుమ్మును పుట్టినచోటే అణచాలంటే నీళ్లతో తడుపుతూ డ్రిల్లింగ్ చేయాలి, నీళ్ల స్ప్రే కావాలి, గాలి బాగా ఆడాలి, ముఖానికి సరిగ్గా పట్టే మాస్కు కావాలి, రోడ్ల మీద ట్యాంకర్ తిరగాలి. ఇవి ఖర్చుతో, పర్యవేక్షణతో కూడినవి. బెల్లం ముక్కకు పది రూపాయలు, అదీ కార్మికుడి జేబులోంచే. దుమ్ముకు బెల్లమే మందని మనం నమ్మినకొద్దీ, దుమ్ము బాధ్యత యాజమాన్యం పుస్తకంలోంచి జారి కార్మికుడి టిఫిన్ డబ్బాలో పడుతుంది. ఏ ఒక్క గనినీ వేలెత్తి చూపడం లేదు. ఏ గనిలోనైనా సేఫ్టీ కమిటీ మీటింగులో "స్ప్రే ఎందుకు ఆగింది" అని అడగాల్సిన నోటిలో బెల్లం ముక్క పెట్టుకోవద్దంటున్నాను.

ఇంతకన్నా కఠినమైన సంగతి ఒకటుంది. షుగర్ ఉన్న మనిషికి క్షయ వచ్చే అవకాశం లేనివాళ్లకంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. సిలికా దుమ్ము పీల్చినవాళ్లకు ఆ ముప్పు వేరేగా ఉంది. రెండూ కలిసిన మనిషి మన దగ్గర ప్రతి క్వార్టర్ల వరసలో కనిపిస్తాడు. ఆయన ఊపిరితిత్తుల్ని కాపాడుకుందామని రోజూ బెల్లం తిని రక్తంలో చక్కెర పెంచుకుంటాడు. పెరిగిన చక్కెర ఆ ఊపిరితిత్తులకే ఎసరు పెడుతుంది. దీన్ని మందు అంటున్నాం.

ఐదు: తేనె, తాటిబెల్లం, ఇంకా మిగతావి

వీటికి ఇంత చోటు అక్కర్లేదు. తేనె కూడా గ్లూకోజ్, ఫ్రక్టోజే, కాకపోతే తేనెటీగ ముందే విడగొట్టి పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తగ్గించమన్న చక్కెరల జాబితాలో తేనె, పండ్ల రసాలు కూడా ఉన్నాయి. ఎండాకాలం రామగుండం వేడికి తాగే చెరుకు రసమూ అంతే, సహజమైనంత మాత్రాన మినహాయింపు లేదు. 2020లో ఢిల్లీలోని సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ కేంద్రం 13 బ్రాండ్ల తేనె పరీక్షిస్తే అన్ని పరీక్షలూ నెగ్గినవి మూడే. మిగతావాటిని చక్కెర పాకం పట్టిచ్చింది. చక్కెర వద్దని తేనె కొంటే చక్కెరే వచ్చిందన్నమాట. ఏడాది లోపు పిల్లల నాలుకకు తేనె రాసే ఆచారం మాత్రం వెంటనే మానాలి. బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు దానితో రావచ్చు.

తాటిబెల్లం రుచి నాకూ ఇష్టం. గౌడన్నలకు నాలుగు డబ్బులు వస్తే ఇంకా ఇష్టం. నీరా తాగండి, తాటిబెల్లం కొనండి, పండక్కి అరిసెల్లో వేయండి. దాన్ని మందుల షాపు గుర్తుతో అమ్మకండి, అంతే. అది కూడా ప్రధానంగా సుక్రోజే. కొబ్బరి చక్కెర సంగతీ అదే, పైగా ధర చాలా ఎక్కువ.

స్టీవియా, సుక్రలోజ్, ఆస్పర్టేమ్ వేరే జాతి; ఇవి నిజంగానే రక్తంలో చక్కెర పెంచవు. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగి కొద్దిగా వాడుకోవడం మీద నాకు పేచీ లేదు. బరువు తగ్గడానికి వీటిని నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలో చెప్పింది, స్టీవియాను కూడా కలిపే. అయితే ఆ సలహా అప్పటికే షుగర్ ఉన్నవాళ్ల గురించి కాదు. "క్యాన్సర్ వస్తుందట" అని ఒకవైపు, "ఆకుతో చేసింది, ఎంతైనా వాడొచ్చు" అని మరోవైపు చేసే ప్రచారాలు రెండూ అతే.

ఆరు: "తాతలు తిన్నారు"

మా తాత కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్‌తో బొగ్గెత్తి టబ్బులు నింపిన తరం. డిప్పులోకి నడిచి దిగేది, షిఫ్టంతా ఎత్తేది, మళ్లీ నడిచి ఎక్కేది. ఆయన తిన్న బెల్లం షిఫ్టు సగంలోనే ఖర్చయిపోయేది. తర్వాత బొగ్గెత్తే యంత్రాలు ఎస్‌డీఎల్‌లు, ఎల్‌హెచ్‌డీలు వచ్చాయి, అడ్రియాల గనిలో లాంగ్‌వాల్ వచ్చింది. ఇప్పుడు మన సింగరేణి గనుల బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టులదే. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేలకు అటూ ఇటూ. డంపర్ సీటులో ఎనిమిది గంటలు కూర్చునే మనవడు తాత బెల్లాన్ని వారసత్వంగా అడుగుతున్నాడు. తాత చెమ్మస్‌ను మాత్రం మ్యూజియంకు ఇచ్చేశాడు.

నిజానికి తాత కూడా అంత బెల్లం తినలేదు. సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్ద, పండక్కి పరమాన్నం, పెండ్లికి లడ్డూ. తీపి కోసం పిల్లలు రోజులు లెక్కపెట్టుకునేవాళ్లు. రోజుకు నాలుగు చాయ్‌ల్లో పోసుకునే అలవాటు ఆయనది కాదు, మనది. ఇక "ఆయనకు షుగర్ లేదు" అన్నప్పుడు ఒక్క ప్రశ్న: ఎవరు చూశారు? వేలు గుచ్చిందెవరు? కాలి పుండు మానక పోయినవాళ్లను "పుండు ముదిరి పోయిండు" అనేవాళ్లం, ఏ జబ్బో పేరు పెట్టేవాళ్లం కాదు.

2023లో వెలువడ్డ ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాట, పెద్దవాళ్లలో 11.4 శాతం. అదే బృందం 2025లో ఇంకో సంగతి తేల్చింది: మనం తినే శక్తిలో 62 శాతం పిండి పదార్థాలదే, దాన్ని తగ్గించకుండా తెల్ల బియ్యం తీసి గోధుమ పిండో చిరుధాన్యాల పిండో పెట్టుకున్నంత మాత్రాన ముప్పు తగ్గడం లేదు. చక్కెర తీసి బెల్లం పెట్టే తెలివికి ఇంతకన్నా దగ్గరి అద్దం దొరకదు. మారాల్సింది పేరు కాదు, మోతాదు. చక్కెరకు ప్రత్యామ్నాయం ఇంకో తీపి కాదు, తక్కువ తీపి. దీన్ని సీసాలో నింపి అమ్మలేరు కాబట్టే దీనికి ఫ్లెక్సీ లేదు.

అయితే ఏం చేయాలి?

మొదటిది, చప్ప చాయ్. గని క్యాంటీన్లలో, కాలనీ బండ్ల దగ్గర చాయ్‌లో ముందే తీపి పోయడం మానాలి. చక్కెరో బెల్లమో పక్కన డబ్బాలో పెట్టండి, కావాల్సినవాడు చూసి వేసుకుంటాడు. చూసి వేసుకునేటప్పుడు చెయ్యి వెనక్కి లాగుతుంది. రెండు చెంచాల వాడు ఒకటిన్నరకు, పదిహేను రోజుల తర్వాత ఒకటికి, ఆ తర్వాత అరకు వస్తే నాలుక సర్దుకుంటుంది. మా ఇంట్లో సర్దుకుంది.

రెండోది, ఆ ఫ్లెక్సీ దిగాలి. "బెల్లం చాయ్, రుచిగా ఉంటుంది" అని రాసుకోండి, నేనే వచ్చి తాగుతాను. "షుగర్ ఉన్నోళ్లు తాగొచ్చు" అన్న ముక్క చెరిపేయండి. 2006 ఆహార భద్రతా చట్టం ఆహారం మీద తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా పెట్టింది. ఆ చట్టం బండివాడి మీదికి పరుగెత్తాలని అడగను. అట్టపెట్టెల్లో బెల్లం పొడి పోసి, దాని మీద షుగర్ పేషెంట్లకు మంచిదని రాసి, నాలుగు రెట్ల ధరకు అమ్ముతున్నవాళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

మూడోది, షుగర్ గోలీలు మింగి, ఇన్సులిన్ పొడుచుకుని డ్యూటీకి పోయేవాళ్లకు. వేళకు తినక బాయిలో ఒంట్లో చక్కెర పడిపోతే చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, కళ్లు మసకబారతాయి. మెషిన్ దగ్గర అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ క్షణంలో కావాల్సింది తెల్ల చక్కెరే: మూడు చెంచాలు, నీళ్లలో కలిపి, వెంటనే. పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. జేబులో గ్లూకోజ్ పొట్లం ఉంచుకోండి, పక్కవాడికి చెప్పి ఉంచండి.

ఈ మూడో మాట చిన్నబాపుకు చెప్తుంటే మధ్యలో ఆపి అడిగాడు: "గప్పుడు బెల్లం ముక్క నోట్లేసుకుంటే పనిచెయ్యదా బిడ్డా?"

"చేస్తది చిన్నబాపూ. పడిపోయిన షుగర్ లేస్తది."

కాసేపు గ్లాసు వైపు చూశాడు. "అంటే మొన్న మిషిన్ ఖరాబ్ కాలేదన్నట్టు" అన్నాడు.